పస్తు వెనుక లెక్క వేరు

తిండికి సంబంధించిన మానసిక జబ్బు ఉందేమోనన్న అనుమానం వస్తే చాలా దేశాల్లో డాక్టర్లు వేసే ప్రశ్నల చిట్టా ఒకటుంది. దాని పేరు స్కాఫ్. 1999లో లండన్‌లో తయారైంది. ఐదే ప్రశ్నలు, రెండు నిమిషాల పని. నలుగురూ సన్నగా ఉన్నావంటున్నా నీకు మాత్రం లావుగా ఉన్నట్టే అనిపిస్తోందా అన్నది వాటిలో ఒకటి. ఒక పూట ఎగ్గొట్టి, రెండో పూట నాలుగు ముద్దలతో లేచిపోయే పదహారేళ్ల ట్రాన్స్ అబ్బాయిని, అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసినా తను మగపిల్లాడినని ఎరిగినవాడిని, ఈ ప్రశ్న అడిగి చూడండి. లేదనే చెబుతాడు. అది అబద్ధం కాదు. లావైపోతున్నానన్న బెంగ అతనికి లేదు. నాజూకుగా కనిపించాలన్న మోజు అసలే లేదు. నెలసరి ఆగాలి, ఛాతీ పెరగకూడదు, అంతే. ఆ చిట్టా ప్రకారం ఆ జవాబుకు మార్కు పడదు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాసి పంపేస్తారు.

చిట్టా చెడ్డదని కాదు. 18 నుంచి 40 ఏళ్ల స్త్రీలమీద, జబ్బున్న 116 మందిని, లేని 96 మందిని పక్కపక్కన పెట్టి పరీక్షించి చూశారు. దేన్ని వెతకడానికి తయారైందో దాన్ని బాగానే పట్టుకుంటుంది. చిక్కల్లా అది వెతుకుతున్న మనిషితోనే. 1873లో లండన్ వైద్యుడు విలియం గల్ అనొరెక్సియా నెర్వోసా అన్న పేరును వైద్యంలోకి తెచ్చినప్పటి నుంచి ఈ జబ్బు అనగానే వైద్యుల కళ్ల ముందు ఒకే బొమ్మ: కలిగిన ఇంటి ఆడపిల్ల, లావవుతానన్న భయం, అద్దం. మగపిల్లలకూ ఇది వస్తుందని ఒప్పుకోవడానికే దశాబ్దాలు పట్టింది. ట్రాన్స్‌జెండర్ పిల్లల వంతు, ఆడా మగా అన్న రెండు గడుల్లోనూ ఇమడని నాన్‌బైనరీ పిల్లల వంతు ఆ తర్వాత గాని రాలేదు.

వచ్చాక బయటపడిన అంకెలు చిన్నవి కావు. అమెరికాలోని 223 కాలేజీలు, విశ్వవిద్యాలయాల నుంచి దాదాపు 2.89 లక్షల మంది విద్యార్థుల సమాచారం తీసుకుని 2015లో ఒక విశ్లేషణ ప్రచురించారు. గత ఏడాదిలో తమకు ఈటింగ్ డిజార్డర్ ఉందని డాక్టర్లు నిర్ధారించారని చెప్పినవాళ్లు ట్రాన్స్‌జెండర్ విద్యార్థుల్లో 15.8 శాతం. ట్రాన్స్‌జెండర్ కాని, పురుషుల పట్ల ఆకర్షణ ఉన్న ఆడపిల్లల్లో అది 1.85 శాతం. ఎనిమిది రెట్లని పెద్ద అక్షరాల్లో శీర్షిక పెట్టే ముందు కాస్త ఆగాలి. అంత పెద్ద సర్వేలో ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు 479 మందే. జబ్బు ఉందన్నది వాళ్లే చెప్పిన మాట. పైగా వేరే కారణాలతో ఇప్పటికే మానసిక వైద్యుల దగ్గరికి తిరుగుతున్నవాళ్లలో ఏ జబ్బయినా పేరు పెట్టించుకునే అవకాశం ఎక్కువ. ఇవన్నీ తీసేసి సగానికి సగం తగ్గించుకున్నా తేడా కొట్టొచ్చినట్టే ఉంటుంది.

నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైన అంకె 2019లో కాలిఫోర్నియా నుంచి వచ్చింది. 13 నుంచి 22 ఏళ్ల మధ్య వయసున్న 106 మంది ట్రాన్స్ యువతను స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అడిగితే, తమ జెండర్‌కు తగ్గట్టు శరీరాన్ని మలచుకోవడానికే బరువును అటో ఇటో మార్చుకున్నామని 63 శాతం మంది చెప్పారు. పిల్లలు చాలా కొద్దిమంది, అందరూ ఒకే చోట వైద్యం పొందుతున్నవాళ్లు, నిజమే. అయితే మొదటి అధ్యయనం ఎంతమంది అన్నది మాత్రమే చెబితే ఇది ఎందుకు అన్నది చెప్పింది. తిండితో వాళ్లు చేస్తున్నది అందం పని కాదు, శరీరాన్ని ఒక దిక్కుకు పోకుండా ఆపే పని. ట్రెవర్ ప్రాజెక్ట్ అనే అమెరికన్ సంస్థ ఎల్‌జీబీటీక్యూ యువతను అడిగినప్పుడు 9 శాతం మంది తమకు ఈటింగ్ డిజార్డర్ నిర్ధారణ అయిందన్నారు. ఇంకో 29 శాతం మంది ఎవరూ నిర్ధారించలేదు గాని ఉందనే మా అనుమానం అన్నారు. డాక్టరు చీటీ దాకా వచ్చినవాళ్లకన్నా రానివాళ్లు మూడింతలు. అడిగే ప్రశ్న తప్పయితే జరిగేది ఇదే.

ఆకలికి శరీరం ఎలా స్పందిస్తుందో చూస్తే ఈ పిల్లల లెక్క అర్థమవుతుంది. లోపలికి వచ్చే శక్తి బాగా తగ్గితే మెదడులోని హైపోథాలమస్ పొదుపు మొదలుపెడుతుంది. ప్రాణం నిలవడానికి అవసరం లేనిదాన్ని ముందు ఆపేస్తుంది. సంతానానికి సంబంధించిన హార్మోన్లు ఆ జాబితాలో మొట్టమొదటివి. ఈస్ట్రోజన్ పడిపోతుంది, నెలసరి ఆగుతుంది. మగ శరీరంలో అయితే టెస్టోస్టిరోన్ పడిపోతుంది. 2013 దాకా అమెరికా మానసిక వైద్యుల ప్రామాణిక గ్రంథం అనొరెక్సియాను నిర్ధారించడానికి వరుసగా మూడు నెలలు నెలసరి ఆగాలన్న షరతు పెట్టేది. ఆ ఏడాది వచ్చిన ఐదో కూర్పులో తీసేశారు. వైద్యుడు ప్రమాద ఘంటికగా చూసినదాన్నే ట్రాన్స్ అబ్బాయి గెలుపుగా చూస్తాడు. ఒకే లక్షణానికి బల్లకు ఇటు ఒక అర్థం, అటు ఒక అర్థం.

ఆ గెలుపు ఖరీదు చాలా ఎక్కువ. ఎముకలు జీవితాంతానికి సరిపడా గట్టిదనం కూడబెట్టుకునేది టీనేజీలోనూ ఇరవైల మొదట్లోనూ. అప్పుడు ఈస్ట్రోజన్, టెస్టోస్టిరోన్ రెండూ లేకపోతే ఎముకలు గుల్లబారతాయి. వాంతులు చేసుకునేవాళ్లలో రక్తంలోని పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. మానసిక జబ్బులన్నిటిలో అత్యధిక మరణాలున్న వాటిలో అనొరెక్సియా ఒకటి. ఈ జబ్బున్నవాళ్లు అదే వయసు మామూలు జనం కంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువగా చనిపోతున్నారని 2011లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. పైగా పస్తు ఎవరి లక్ష్యాన్నీ శాశ్వతంగా తీర్చదు. తిన్ననాడు శరీరం తన దారి తను పడుతుంది.

అయినా ఎందుకు చేస్తారు? వాళ్ల చేతిలో ఉన్నది అదొక్కటే కాబట్టి. హార్మోన్ల వైద్యానికి డబ్బు కావాలి, వయసు నిండాలి, పరీక్షలు కావాలి, కాగితాలు కావాలి, మైనరైతే తల్లిదండ్రుల సంతకం కావాలి. తిండి మానేయడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. అందని మందుకు బదులు ఆకలి.

అందరిదీ ఒకే దారి అనుకుంటే మళ్లీ పాత తప్పే. ట్రాన్స్ అమ్మాయిల్లో కొందరికి భుజాలు, కండలు, దవడ ఎముక కనపడకూడదు. ఆడతనమంటే సన్నదనమేనని సినిమా, ఇన్‌స్టాగ్రామ్ కలిసి నూరిపోసిన పాఠం అందరు ఆడపిల్లల్లాగే వాళ్లకూ ఎక్కుతుంది. వీధిలో ఆడమనిషిగా చెల్లుబాటు కావడం వాళ్లకు ముచ్చట కాదు, దెబ్బలు తప్పించుకోవడం. నాన్‌బైనరీ పిల్లల ఇబ్బంది మరోలా ఉంటుంది. ఆడా మగా అని చెప్పలేని రూపం అనగానే ఫ్యాషన్ పత్రికలు చూపించేది కడ్డీలాంటి ఒళ్లే. ఒంపులున్న, పొట్ట ఉన్న నాన్‌బైనరీ మనిషిని ఎవరూ ముఖచిత్రంగా వేయరు. వీళ్లందరికీ ఎదురుదారిలో, ఛాతీ, నడుము ఏ ఆకారంలో ఉన్నాయో తెలియకుండా లావు కింద కప్పేసుకోవాలని అతిగా తినేవాళ్లు, కండలే మగతనమని జిమ్ముకూ ప్రొటీన్ డబ్బాకూ బానిసలయ్యేవాళ్లు కూడా ఉన్నారు. ‘జూనో’ సినిమాతో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లిన కెనడా నటుడు ఇలియట్ పేజ్ 2020 డిసెంబరులో తను ట్రాన్స్ అని ప్రకటించాడు. 2023లో వచ్చిన ఆత్మకథలో తిండితో తను పడిన బాధలు కూడా రాసుకున్నాడు. చేతినిండా డబ్బూ పేరూ ఉన్న మనిషి సంగతే అది.

ఇక్కడ నా వాదనకు నేనే ఒక అడ్డుపుల్ల వేయాలి. పస్తుకు మొదటి కారణం జెండర్ అయితే జెండర్ సమస్య తీరగానే పస్తు కూడా మానేస్తారు కదా అనుకోవచ్చు. అంత తేలిక కాదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944–45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే పరిశోధకుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను, వాళ్ల సమ్మతితోనే, ఆరు నెలలు అర్ధాకలితో ఉంచాడు. ఒంటి బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది. వాళ్లలో ఎవరికీ సన్నబడాలన్న కోరిక లేదు. అయినా కొన్ని వారాలకే వాళ్ల ఆలోచనంతా తిండి చుట్టూ తిరగడం మొదలైంది. వంటల పుస్తకాలు పోగు చేసుకున్నారు, ఒక్కో భోజనాన్నీ గంటలకొద్దీ సాగదీశారు, దిగులుతో ముడుచుకుపోయారు. ప్రయోగం అయిపోయాక కొందరు ఎంత తిన్నా ఆగలేకపోయారు. కారణం ఏదైనా కానివ్వండి, ఆకలి కొన్నాళ్లయ్యాక తన సొంత జబ్బును తనే తయారు చేస్తుంది. పస్తు మొదలయ్యే కారణం వేరు, కొనసాగే కారణం వేరు. అందుకే హార్మోన్లు ఇస్తే చాలు, తిండి సంగతి అదే సర్దుకుంటుంది అనే ఆశావాదులూ, ముందు బరువు పెంచండి, జెండర్ సంగతి తర్వాత చూద్దాం అనే సంప్రదాయ వైద్యులూ చెరి సగమే నిజం చెబుతున్నారు.

ఆ రెండో వర్గం పద్ధతిలో ఏమవుతుందో కాస్త వివరంగా చూడాలి. ఆస్పత్రిలో చేర్చుకుని, కడుపునిండా పెట్టి, బరువు పెంచుతారు. మామూలు అనొరెక్సియా రోగికి కూడా ఇది భయంకరమైన అనుభవమే. ట్రాన్స్ అబ్బాయికి అయితే బరువుతో పాటు తను అణచిపెట్టినదంతా తిరిగి వస్తుంది. ఛాతీ వస్తుంది, తుంట్లు వస్తాయి, ఒక నెల మళ్లీ నెలసరి వస్తుంది. వార్డులో నర్సమ్మ సంతోషంగా చార్టులో రాసుకునే రోజు అతని జీవితంలో అతి చెడ్డ రోజు. వైద్యం సఫలమైన క్షణమే రోగి మళ్లీ తిండి మానేయడానికి కారణమయ్యే జబ్బు ఇది. నీ శరీరం బాగానే ఉంది, నువ్వు చూసే చూపులోనే వంకర ఉంది అని నేర్పే చికిత్స కూడా ఇక్కడ సగం దూరమే నడుస్తుంది. ఆ పిల్లవాడి చూపులో వంకర లేదు. ఉన్న శరీరాన్ని ఉన్నట్టే చూస్తున్నాడు. అది తనది కాదంటున్నాడు.

ఎంత బరువు పెంచాలన్నది కూడా చిక్కుముడే. పిల్లల ఎత్తు, బరువులను కొలిచే పట్టికలు ఆడపిల్లలకు వేరు, మగపిల్లలకు వేరు. భారత పిల్లల వైద్యుల అకాడమీ 2015లో సవరించిన పట్టికలూ అంతే. యుక్తవయసు వచ్చాక రెండు గీతలూ విడిపోతాయి. టెస్టోస్టిరోన్ వాడుతున్న పదిహేడేళ్ల ట్రాన్స్ అబ్బాయిని ఏ గీత మీద కొలవాలి? నాన్‌బైనరీ పిల్లను? బరువు లక్ష్యం నాలుగు కిలోలు అటూ ఇటూ అయిందంటే ఆస్పత్రి నుంచి ఇంటికి పంపే తేదీ మారిపోతుంది. ఇంకో వంకర వయసొచ్చిన వాళ్ల విషయంలో కనిపిస్తుంది. ఎత్తుకు తగ్గ బరువు ఫలానా హద్దు దాటితే జెండర్ శస్త్రచికిత్స చేయబోమనే సర్జన్లు చాలామంది ఉన్నారు. మత్తు మందు ప్రమాదం వాళ్ల కారణం, అందులో కొంత సబబు ఉంది. అయితే ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఆపరేషన్‌కూ తనకూ మధ్య పది కిలోలే అడ్డమని తెలిసిన మనిషి ఆ పది కిలోలూ ఎలా దించుకుంటాడో ఎవరైనా అడుగుతున్నారా?

హార్మోన్ల మీద పశ్చిమ దేశాల్లో నడుస్తున్న గొడవ ప్రస్తావించకుండా దాటిపోవడం పిరికితనమవుతుంది. 2024 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో వెలువడిన కాస్ నివేదిక, యుక్తవయసును వాయిదా వేసే మందులకు ఉన్న ఆధారాలు బలహీనమని చెప్పింది. డిసెంబరులో బ్రిటన్ ఆ మందులను ఈ అవసరం కోసం 18 ఏళ్ల లోపు పిల్లలకు కొత్తగా ఇవ్వకుండా నిరవధికంగా నిషేధించింది. 2025 జూన్ 18న అమెరికా సుప్రీంకోర్టు టెనెసీ రాష్ట్రం ఇలాంటి వైద్యం మీద పెట్టిన నిషేధాన్ని నిలబెట్టింది. ఆధారాల మీద పట్టుబట్టడం న్యాయమే. మందు ఎముకల మీద చూపే ప్రభావాన్ని నిశితంగా లెక్కించే ఈ చర్చలో, మందు లేనప్పుడు కొందరు పిల్లలు ఎంచుకునే ఆకలి అవే ఎముకలను ఏం చేస్తుందన్న లెక్క మాత్రం అరుదుగా వినిపిస్తుంది. హార్మోన్లను సమర్థించేవాళ్లకూ ఒక మాట. జెండర్ వైద్యం తీసుకున్న పెద్దల్లో శరీరం పట్ల తృప్తి ఎక్కువ, తిండి సమస్యలు తక్కువ అని 2017లో అమెరికాలో వచ్చిన అధ్యయనం లాంటివి ఉన్నాయి గాని, అవి ఒకే సమయంలో తీసిన ఫొటోల్లాంటివి, మందే కారణమని తేల్చవు. టెస్టోస్టిరోన్‌తో ఆకలి, బరువు పెరగవచ్చు. ఈస్ట్రోజన్‌తో కొవ్వు చేరే చోటు మారుతుంది. పాత బెంగ పోయి కొత్త బెంగ రావచ్చు. తిండి గురించి అడగకుండా హార్మోను రాసే వైద్యుడూ, జెండర్ గురించి అడగకుండా బరువు పెంచే వైద్యుడూ ఒకే పొరపాటు చేస్తున్నారు.

ఇదంతా అమెరికా, బ్రిటన్ల సంగతి, మనకెందుకు అనిపించవచ్చు. నిజానికి తిండినీ ఆడతనాన్నీ ఇంత బాహాటంగా ముడిపెట్టిన సమాజం మనది. ఆడపిల్ల పెద్దమనిషి కాగానే చాలా ఇళ్లలో చాప వేసి కూర్చోబెడతారు, చలిమిడి పెడతారు, పేరంటాళ్లను పిలుస్తారు. స్తోమతు ఉంటే ఫంక్షన్ హాలు, వీధి మొగలో ఫ్లెక్సీ. ఆ తర్వాత కొన్నాళ్లపాటు మినప సున్నుండలు, నువ్వుల ఉండలు, కొన్ని ఇళ్లలో పచ్చి గుడ్డు, నువ్వుల నూనె. ఎందుకంటే నడుము గట్టిపడాలి, రేపు కాన్పుకు తట్టుకోవాలి. ప్రేమతోనే పెడతారు, అనుమానం లేదు. కానీ తను అబ్బాయినని లోలోపల నలిగిపోతున్న పన్నెండేళ్ల పిల్లవాడి వైపు నుంచి చూడండి. తన శరీరం చేసిన ద్రోహాన్ని ఊరందరికీ ఫ్లెక్సీ వేసి చెప్పారు. ఆ ద్రోహాన్ని ఇంకా బలపరచడానికే ఈ సున్నుండ అని అమ్మమ్మే నోరారా చెబుతోంది. ఆ ఉండ వద్దంటే అది తిండి మీద అయిష్టం కాదు. ఇంకోవైపు, మగపిల్లాడివి, ఇంకో రెండు ముద్దలు తిను, కండ పట్టాలి అనే మాట ఆడపిల్లగా బతకాలనుకునే బిడ్డకు ఎలా వినిపిస్తుందో వేరే చెప్పాలా?

పస్తును దాచుకోవడానికి కూడా మన దగ్గర వీలు ఎక్కువ. శనివారం ఒక్కపొద్దు, గురువారం సాయిబాబా ఉపవాసం, కార్తీక సోమవారాలు. ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు సరికదా, ఇంత చిన్న వయసులో ఎంత భక్తి అని మెచ్చుకుంటారు. హాస్టల్ మెస్‌లో అయితే ప్లేటు ఎవరు తీసుకున్నారో, ఎవరు తీసుకోలేదో చూసే తీరిక ఎవరికీ ఉండదు. నాలుగు నెలలుగా నెలసరి రాలేదని తెలిస్తే తల్లి గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళుతుంది. పీసీఓడీ అయి ఉంటుందనుకుని నెలసరి తెప్పించే మాత్రలు రాసే డాక్టర్లు తక్కువేం కాదు. ఏది ఆపడానికి పిల్లవాడు కడుపు మాడ్చుకున్నాడో అదే మాత్రతో తిరిగి వస్తుంది. తిండి ఇంకా తగ్గుతుంది.

కుటుంబం మాట ఇక్కడే రావాలి. కెనడాలో 14 నుంచి 25 ఏళ్ల 923 మంది ట్రాన్స్ యువతతో చేసిన సర్వేను 2017లో విశ్లేషించినప్పుడు, వేధింపులు, వివక్ష ఎక్కువ ఎదుర్కొన్నవాళ్లలో తిండి రుగ్మతలు ఎక్కువగానూ, ఇంటివాళ్లతో అనుబంధం ఉన్నవాళ్లలో తక్కువగానూ కనిపించాయి. వినడానికి అందరికీ తెలిసిన సంగతే అనిపిస్తుంది. చికిత్స దగ్గరికి వచ్చేసరికి ఇది పెద్ద ముడి. టీనేజీ అనొరెక్సియాకు ఇప్పటివరకు ఎక్కువ ఆధారాలున్న పద్ధతి లండన్ మాడ్స్‌లీ ఆస్పత్రిలో పుట్టిన కుటుంబ చికిత్స. ఏం తినాలి, ఎంత తినాలి అన్న నిర్ణయం కొంతకాలం పూర్తిగా తల్లిదండ్రుల చేతికి ఇస్తారు. పిల్లలు మొండికేస్తే పక్కన కూర్చుని తినిపిస్తారు. అయితే ఆ తల్లిదండ్రులే బిడ్డ జెండర్‌ను ఒప్పుకోనివాళ్లయితే? మాట మాటకూ అమ్మాయ్ అని గుచ్చి పిలుస్తూ పెట్టే ముద్ద గొంతు దిగుతుందా? మన దగ్గర ఇల్లు వదిలి హిజ్రా జమాతులో చేరిన పిల్లలకు గురువే తల్లి, తోటి చేలాలే, అంటే శిష్యులే, తోబుట్టువులు. గురుస్థానంలో ఉన్న మనిషిని పిలిచి కుటుంబ చికిత్సలో కూర్చోబెట్టడానికి వైద్యశాస్త్రం ఏమీ అడ్డు చెప్పదు. అడ్డు చెప్పేది ఆస్పత్రి ఫారంలోని తండ్రి లేదా భర్త పేరు అనే గడి.

తిండి, నీళ్లు మానడానికి ఇంకో కారణం ఉంది. దానికి అద్దంతో గాని హార్మోన్లతో గాని సంబంధమే లేదు. 2015లో 27,715 మంది పాల్గొన్న అమెరికా ట్రాన్స్‌జెండర్ సర్వేలో 32 శాతం మంది బయట టాయిలెట్‌కు వెళ్లాల్సి వస్తుందేమోనని గడచిన ఏడాదిలో తినడం, తాగడం తగ్గించుకున్నామని చెప్పారు. మూత్రనాళ, మూత్రపిండాల ఇన్ఫెక్షన్లు తెచ్చుకున్నవాళ్లు 8 శాతం. కాలేజీకి వెళ్లే ముందు నీళ్లు మానేసే అలవాటు మన ఆడపిల్లలకు చాలామందికి తెలిసిందే కాబట్టి ఇది అర్థం కాని సంగతేమీ కాదు. ఏ టాయిలెట్‌కు వెళ్లినా తన్నులో తిట్లో తప్పవనుకునేవాళ్లకు అది రోజంతా పస్తు. 2014 ఏప్రిల్ 15న నల్సా కేసు తీర్పులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ప్రత్యేక పబ్లిక్ టాయిలెట్లు, ఆస్పత్రుల్లో వైద్యసేవలు కల్పించమని ప్రభుత్వాలను ఆదేశించింది. ఆ రెండింటినీ ఒకే ఆదేశంలో పెట్టడం ఎంత సరైనదో ఈ సర్వే చదివితే తెలుస్తుంది.

తెలుగు నేల మీద ఈ శరీరాల మీద నిఘా కొత్తది కాదు. నిజాం కాలంలో, అప్పటి ఫస్లీ క్యాలెండరు ప్రకారం 1329లో వచ్చిన చట్టం ఒకటి హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాయాలంది. ఆడబట్టలతో, నగలతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చంది. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి వేసిన కేసులో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది 2023 జూలైలో. 2011 జనాభా లెక్కలు మొదటిసారి ‘ఇతరులు’ అన్న గడిలో దేశమంతటా 4.88 లక్షల మందిని చూపాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. దేశం మొత్తం అంకెలో 54,854 మంది ఆరేళ్ల లోపు పిల్లలు. వాళ్లలో అందరికన్నా చిన్నవాళ్లు కూడా ఇప్పుడు టీనేజీలో ఉన్నారు.

ఆరోగ్య వ్యవస్థ మాత్రం చాలాకాలం ట్రాన్స్ వ్యక్తులను హెచ్ఐవీ గడపలోంచే చూసింది. రక్తపరీక్ష, కండోమ్, కౌన్సెలింగ్. అది ప్రాణాలు కాపాడిన పనే, తక్కువ చేయడం లేదు. కానీ ఏం తింటున్నావని అడిగే గది అందులో లేదు. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్న గర్భనిరోధక మాత్రలను హార్మోన్లుగా మింగే ట్రాన్స్ అమ్మాయిలకు రక్తం గడ్డకట్టే ప్రమాదం గురించి చెప్పేవాళ్లు కూడా ఉండేవాళ్లు కాదు. 2021 జనవరిలో హైదరాబాద్ నారాయణగూడలో మొదలైన మిత్ర్ క్లినిక్‌లో పరిస్థితి మారింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులే డాక్టర్లుగా, సిబ్బందిగా ఉండి హార్మోన్ల సలహా, మానసిక వైద్యం ఒకే చోట ఇచ్చారు. అమెరికా ప్రభుత్వ సాయంతో నడిచిన ఆ క్లినిక్, పుణె, కల్యాణ్‌లలోని దాని తోబుట్టువులతో సహా, 2025 జనవరిలో ఆ సాయం ఆగిపోగానే మూతపడింది. మూడు నగరాల్లో కలిపి అయిదు వేల మంది దాకా దాని మీద ఆధారపడి ఉన్నారు. తర్వాత హైదరాబాద్‌లోది దేశీయ నిధులతో సబ్‌రంగ్ పేరున మళ్లీ తెరుచుకుంది. ఎక్కడో వాషింగ్టన్‌లో పెట్టిన సంతకంతో ఇక్కడ ఒకరి వైద్యం ఆగిపోవడం మన ప్రభుత్వాలకు చిన్నతనంగా తోచాలి. 2022 నవంబరులో ఉస్మానియా ఆస్పత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లను నియమించినప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఒక మంచి అడుగు వేసింది. ఇద్దరితో ఆగే పని కాదు.

హార్మోన్ చికిత్సకు ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఇవ్వడాన్ని 2019 ట్రాన్స్‌జెండర్ చట్టంలోని 15వ సెక్షన్ ప్రభుత్వాల బాధ్యతగా రాసింది. ఆ కౌన్సెలింగ్‌లో తిండి ప్రశ్న చేర్చడానికి ఇంకో చట్టం అక్కర్లేదు. అలాగే సర్కారు బళ్లలో ఇప్పటికే జరుగుతున్న పని ఒకటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు గురుకులాలకు, హైస్కూళ్లకు వెళ్లి పిల్లల ఎత్తు, బరువు కొలుస్తాయి. వారం వారం ఐరన్ మాత్రలు పంచే పథకం వేరే ఉంది. అంటే బరువు పడిపోతున్న పిల్లవాడు ఏడాదికి ఒకసారైనా ఒక డాక్టరు ముందు నిలబడుతున్నాడు. కాటా ఉంది, రిజిస్టరు ఉంది. లేనిది ఒక ప్రశ్న. లావవుతానని భయమా అని కాదు, నీ ఒంట్లో ఏదైనా మార్పు ఆగిపోవాలనుకుంటున్నావా అని, టీచరు లేకుండా, పక్కకు పిలిచి అడగాలి. అవునంటే ఎక్కడికి పంపాలో అడిగినవాళ్లకు తెలిసి ఉండాలి: జిల్లా ఆస్పత్రిలోని మానసిక వైద్యుడి దగ్గరికి, హార్మోన్ల నిపుణుడి దగ్గరికి, ఆ రాత్రికే ఎవరితోనైనా మాట్లాడాలంటే తెలుగులో కూడా పలికే టెలీమానస్ 14416 నంబరుకు. ఇక ఆ జవాబును తోటి పిల్లలు తిరగేసే రిజిస్టరులో రాయకూడదు, పిల్లవాడు సరేననకుండా ఇంటికి ఫోన్ చేసి చెప్పకూడదు. గుండె లయ తప్పేంత ప్రమాదం ఉంటే ఇంటికి చెప్పక తప్పదు. అప్పుడు కూడా తిండి తినడం లేదని చెబితే చాలు, ఎందుకన్నది చెప్పే హక్కు అతనిదే.